ఉద్యోగం సరే, ఉండడానికి గది ఏది?

శ్రీ నారా లోకేష్ గారికి,
ఐటీ, ఎలక్ట్రానిక్స్, మానవ వనరుల అభివృద్ధి శాఖల మంత్రి, ఆంధ్రప్రదేశ్.



2025లో విశాఖపట్నం గురించి వచ్చినన్ని పెద్ద వార్తలు ఈ మధ్యకాలంలో ఏ ఏడాదీ రాలేదు. ఏప్రిల్‌లో టీసీఎస్‌కు ఇరవై ఒక్క ఎకరాల భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి మీ మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ సంస్థ 12,000 ఉద్యోగాలు ఇస్తామంది. తర్వాత కాగ్నిజెంట్‌కూ అదే ధర, అక్కడ 8,000 ఉద్యోగాల మాట. అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్‌తో సంతకాలు జరిగాయి, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. ఈ ఒప్పందాల కోసం మీరు ఎంత తిరిగారో పేపర్లు చదివే మా అందరికీ తెలుసు. ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగినవాళ్ళం, సంతోషం మాకు కాక ఇంకెవరికి ఉంటుంది?

నేను ఈ ఊరి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ప్లేస్‌మెంట్ల విభాగం చూస్తాను. పలాస, పార్వతీపురం, నర్సీపట్నం, పాడేరు వైపు నుంచి వచ్చే పిల్లలు మా దగ్గర ఎక్కువ. వాళ్ళకు ఉద్యోగం వచ్చేదాకానే నా పని. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళారు, ఎక్కడ కుదురుకున్నారు, ఎక్కడి నుంచి ఏడాదికే పెట్టె సర్దుకుని వచ్చేశారు అన్నది నా లెక్కలోకి రాదు. అయినా ఫోన్లు చేస్తూనే ఉంటారు, చెబుతూనే ఉంటారు. అలా ఏళ్ళ తరబడి విన్నదాంట్లోంచి మీకు ఉపయోగపడుతుందనుకున్నది రాస్తున్నాను. భూములు ఎందుకిచ్చారని అడగడం నా ఉద్దేశం కాదు. రేపు ఆ ఇరవై వేల మంది ఈ ఊళ్ళో ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్ళుంటారు అన్నదే నా ప్రశ్న.

మంచి ఊరైతే కుర్రకారు వాళ్ళంతట వాళ్ళే వస్తారన్న నమ్మకం మన విధానాలు రాసేవాళ్ళలో గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. విశాఖకు సముద్రం ఉంది, కొండలున్నాయి, ట్రాఫిక్ తక్కువ, కాబట్టి వస్తారు అని. ఆదివారం చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళ విషయంలో అది నిజమే. బతకడానికి వచ్చేవాళ్ళ లెక్క వేరు. ఆ లెక్క ఒక్కో చదువుకు ఒక్కో రకంగా, ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా ఉంటుంది.

కంప్యూటర్ సైన్స్ పిల్లలు హైదరాబాద్ అంటారు. 1998 నవంబర్‌లో వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ రాళ్ళగుట్టలే. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఇప్పుడు రాయదుర్గం నుంచి కోకాపేట దాకా ఎటు చూసినా కంపెనీలే. మా పిల్లలు ఆ అద్దాల మేడలు చూసి వెళ్ళడం లేదు. మొదటి ఉద్యోగం క్యాంపస్‌లోనే దొరుకుతుంది, దానికి ఊరితో పని లేదు. వాళ్ళు చూసేది రెండో ఉద్యోగం. ఏడాదికి మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే కోతలు పోను నెలకు చేతికొచ్చేది పాతికవేలు. రెండేళ్ళు చేసి 'స్విచ్' కొడితేనే ఆ అంకె కదులుతుంది. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చోబెట్టినా, ఒక రోజు హెచ్ఆర్ పిలిచి రాజీనామా రాసిమ్మన్నా, ఉన్న గది ఖాళీ చేయకుండానే మర్నాడు ఇంకో ఇంటర్వ్యూకు వెళ్ళగలగాలి. హైదరాబాద్‌లో ఆ వీలుంది. పైగా శుక్రవారం రాత్రి కూకట్‌పల్లిలో బస్సెక్కితే శనివారం పొద్దున్నకి మన ఊళ్ళో దిగొచ్చు.

కోడింగ్‌లో బాగా ఆరితేరినవాళ్ళు, కొత్త కంపెనీలో చేరడానికి భయపడనివాళ్ళు బెంగళూరు ఎంచుకుంటారు. అక్కడ ఇల్లు కావాలంటే ఆరు నెలల అద్దె నుంచి పది నెలల అద్దె దాకా అడ్వాన్సు కట్టమంటారు. తల్లి మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఆ అడ్వాన్సు కట్టినవాళ్ళు నాకు తెలుసు. అయినా వెళ్తారు. మారతహళ్ళిలో ఆంధ్రా మెస్ పక్కనే గది దొరికితే సగం బెంగ తీరిపోయిందంటారు.

మెకానికల్ వాళ్ళ దారి చెన్నై, పుణే. శ్రీపెరుంబుదూరు, ఒరగడం పేర్లు మా శ్రీకాకుళం కుర్రాళ్ళ నోట అలవోకగా వస్తాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా ఉత్పత్తి మొదలుపెట్టాక, శ్రీసిటీ ఫ్యాక్టరీలతో నిండాక, కొంతమంది రాష్ట్రంలోనే ఆగుతున్నారు. కెమిస్ట్రీ చదివినవాళ్ళకు బొల్లారం, జీడిమెట్ల, లేదా ఇక్కడే పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం. నర్సింగ్ పిల్లలు హైదరాబాద్ ఆసుపత్రుల్లో అనుభవం సంపాదించి గల్ఫ్‌కో, బ్రిటన్‌కో, జర్మనీకో దరఖాస్తు పెడతారు. సబ్బవరం న్యాయ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళ చూపు ఢిల్లీ, ముంబై మీద. యానిమేషన్, ఎడిటింగ్, సౌండ్ పనులు నేర్చినవాళ్ళకు హైదరాబాద్ తప్ప మన భాషలో ఇంకో ఊరు లేదు.

ఇదంతా చదువును బట్టి. ఒకే బెంచీలో కూర్చుని చదివి, ఒకే కంపెనీలో, ఒకే జీతానికి చేరినవాళ్ళకు కూడా ఊరు ఒకేలా ఉండదని ఈ పనిలోకి వచ్చాకే నాకు అర్థమైంది.

మా దగ్గర చదివిన ఒక ముస్లిం కుర్రాడు హైదరాబాద్‌లో చేరాడు. ఆఫీసుకు దగ్గరలో ఉన్న కాలనీలన్నీ తిరిగాడు. ఫోన్‌లో గది ఖాళీగా ఉందంటారు, అడ్వాన్సు మాట్లాడతారు, చివర్లో పేరు అడుగుతారు, ఆ తర్వాత "ఇందాకే వేరేవాళ్ళకు ఇచ్చేశాం బాబూ" అంటారు. ఆఖరికి టోలిచౌకీలో దిగాడు. అక్కడ అతనిలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది ఉన్నారు, గచ్చిబౌలికి బస్సుంది, ఎవరూ ఏమీ అడగరు. అతన్ని విశాఖకు బదిలీ చేయించుకోమని తల్లి పోరు పెడుతోంది. "మధురవాడలో నాకెవరిస్తారు?" అని నన్నే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

చక్రాల కుర్చీలో తిరిగే ఒక అమ్మాయికి హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉండడమే ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం. పార్వతీపురం మన్యం నుంచి వచ్చిన గిరిజన పిల్లలు పెద్ద ఊరే కావాలంటారు. చిన్న ఊళ్ళో ఇంటిపేరు అడుగుతారు, పెద్ద ఊళ్ళో ఐడీ కార్డు అడుగుతారు అని వాళ్ళలో ఒకడు చెప్పాడు. పెద్ద ఊళ్ళో కూడా ఇంటిపేరు అడిగేవాళ్ళున్నారు. కాకపోతే అడగని గుమ్మాలు అక్కడ కొన్ని ఎక్కువ.

ఇక ఆడపిల్లలు. వాళ్ళ విషయంలో ఊరిని ఎంచుకునేది వాళ్ళొక్కరే కాదు, అమ్మానాన్నా, ఒక్కోసారి మేనమామ కూడా. అందరూ అడిగేది ఒకటే: రాత్రి ఎన్నింటికి వస్తుంది, ఎలా వస్తుంది, ఎక్కడికి వస్తుంది. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన ఊరికి పంపుతారు. జీతం ఆ తర్వాత.

ఈ విషయంలో నేను కళ్ళారా చూసిందొకటి మీకు చెప్పాలి.

నర్సీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా పూర్వ విద్యార్థిని ఒకామె హైదరాబాద్‌లో నాలుగేళ్ళు చేసి, కంపెనీ ఇక్కడ శాఖ తెరిస్తే కోరి మరీ విశాఖకు వచ్చింది. తండ్రికి ఆరోగ్యం బాగోదు, వారానికోసారి ఇంటికి వెళ్ళిరావొచ్చని ఆశ. ఇల్లు వెతకడానికి తోడు రమ్మంటే మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వీధులు ఇద్దరం కలిసి తిరిగాం. గేటుకు తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది, టు-లెట్, కింద ఎర్రగా గీత గీసి 'ఫ్యామిలీస్ ఓన్లీ'. కొన్నిచోట్ల 'వెజిటేరియన్స్ ఓన్లీ' కూడా. అవి దాటుకుని ఒక ఇంట్లో అడుగుపెట్టాం. మేడ మీద రెండు గదులు, వంటగదిలో నల్లరాయి గట్టు, బాల్కనీలో బట్టలారేసే తీగలు, అన్నీ బాగున్నాయి. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది. ఏ కంపెనీ అమ్మా అంది. చెప్పింది. పెళ్ళయిందా అంది. లేదంది. తోడెవరుంటారు? ఒక్కదాన్నే. నైట్ డ్యూటీలుంటాయా? అమెరికా క్లయింట్, వారానికి రెండు మూడు రోజులు రాత్రి పదకొండు అవుతుంది, కంపెనీ క్యాబ్ దింపుతుంది. ఇంటికి మగపిల్లలెవరైనా వస్తారా? తమ్ముడొస్తాడు. నీచు వండుతారా? అప్పుడప్పుడు. ఇంటిపేరు ఏమిటమ్మా? చెప్పింది. ఆవిడ కాస్త ఆగి, "మా ఆయనతో మాట్లాడి ఫోన్ చేస్తాను" అంది. ఫోన్ రాలేదు.

ఆ పెద్దావిడ చెడ్డమనిషి అని నేను అనను. పెన్షన్‌కు తోడుగా వచ్చే అద్దె మీద బతుకుతున్నారు. ఏదైనా గొడవైతే కోర్టుల చుట్టూ తిరగాలని భయం, ఇరుగుపొరుగు మాటలకు భయం. కానీ ఆ భయాలన్నిటి ఖరీదు ఆ పిల్ల కట్టింది. చివరకు ముగ్గురుండే హాస్టల్ గదిలో ఒక మంచం తీసుకుంది. మూడు మంచాలు, మూడు రేకు అల్మరాలు, అందరికీ కలిపి రెండు ఛార్జింగ్ పాయింట్లు. గేటు తొమ్మిదిన్నరకు వేస్తారు. క్లయింట్ కాల్ ఉన్న రోజున వార్డెన్‌కు ముందే చెప్పాలి, ఆలస్యమైనప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసి చెబుతానని వార్డెన్ బెదిరింపు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, ఒక టీముకు లీడ్, గేటు బయట క్యాబ్‌లో కూర్చుని వార్డెన్ లేచేదాకా ఎదురుచూసింది. ఏడాది కాకుండానే తిరిగి హైదరాబాద్‌కు బదిలీ పెట్టుకుంది. అక్కడ జీతం ఒక్క రూపాయి ఎక్కువ లేదు. కొండాపూర్‌లో ఒంటరి ఆడపిల్లకు ఇచ్చే ఇల్లు దొరికింది, అంతే తేడా. తండ్రిని చూడడానికి ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తోంది.

మంత్రి గారూ, ఆ ఒక్క మనిషి వెళ్ళిపోవడం ఏ గణాంకంలోనూ కనిపించదు. కంపెనీ ఆమె స్థానంలో ఇంకొకరిని వేసుకుంటుంది. కానీ అనుభవం ఉన్నవాళ్ళు ఇలా వెళ్ళిపోతూ ఉంటే ఇక్కడ మిగిలేవి కొత్తవాళ్ళకిచ్చే ఉద్యోగాలే. కొత్తవాళ్ళే ఉన్న ఊరికి పెద్ద ప్రాజెక్టులు రావు.

బయటి నుంచి పనికి వచ్చినవాళ్ళకు ఇల్లు చూపడం విశాఖకు కొత్త కాదు. ఒకప్పుడు దీనికి జవాబు తెలిసిన ఊరే ఇది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి నౌకా నిర్మాణ కేంద్రానికి ఇక్కడ పునాది పడింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది, ఇప్పటి హెచ్‌పీసీఎల్ అదే. 1966లో బీహెచ్‌పీవీ వచ్చింది. తర్వాత, ఎంతోమంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఉక్కు కర్మాగారం. వీటన్నిటికీ కాలనీలున్నాయి. ఉక్కునగరం లోపలికి వెళ్ళి చూడండి. సెక్టార్లు, చెట్ల నీడలో క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, బజారు. భిలాయ్ నుంచి, రూర్కెలా నుంచి, కేరళ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీర్లకు ముందు హాస్టల్లో మంచం, పెళ్ళయ్యాక క్వార్టరు. సీనియారిటీ జాబితా చూసి ఇచ్చిన ఇళ్ళవి. ఒడియా వాళ్ళ పక్కన తెలుగు వాళ్ళు, మాంసం వండే ఇంటి పక్కన వండని ఇల్లు. భార్యకు అక్కడి బడిలోనే టీచరు ఉద్యోగం దొరికిన సంసారాలు ఎన్నో. ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళు రిటైరయ్యాక గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఇల్లు కట్టుకుని మనవాళ్ళయిపోయారు. (ఆ కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితుల కష్టం వేరే కథ. అది ఇంకా తీరలేదని కూడా ఇక్కడే చెప్పాలి.)

హైదరాబాద్ సైతం ఒక్క సైబర్ టవర్స్‌తో హైదరాబాద్ కాలేదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, కుషాయిగూడలో ఈసీఐఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, వాటి కాలనీలు, వాటి బడులు అంతకు ముందే ఉన్నాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఒక సంస్థలో నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి అదే ఊళ్ళో ఇంకో సంస్థ పెట్టేలా ఆ ఊరు వాళ్ళను నిలబెట్టుకుంది. బెంగళూరు కథా ఇదే. హెచ్ఏఎల్, హెచ్ఎంటీ, బీఈఎల్ కాలనీల్లో పుట్టిన పిల్లలే తర్వాత అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరారు.

ఇప్పుడు ప్రభుత్వ రంగ కాలనీలు కట్టే కాలం పోయిందని మీ అధికారులు చెప్పవచ్చు. అయితే తమిళనాడు చేసింది చూడండి. 2024 ఆగస్టులో శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండే హాస్టల్ భవనాలు ప్రారంభించారు. కట్టించింది ఆ రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్. ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఆడపిల్లలు వాటిలో ఉంటారు. ఉద్యోగినుల కోసం 'తోళి' పేరుతో వేరే హాస్టళ్ళు నడుపుతున్నారు. కంపెనీకి భూమి ఇచ్చేటప్పుడే ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళ మంచం గురించి అక్కడ ఆలోచించారు. మన అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు వేల మంది ఆడపిల్లలు తెల్లవారుజామున లేచి ఊళ్ళ నుంచి బస్సుల్లో వస్తున్నారు. వాళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మీ ప్రభుత్వం 2025లో ఆడవాళ్ళు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికి నిబంధనలు సడలించింది. ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలుపెట్టింది. రెండూ పనికొచ్చేవే. అవి పూర్తిగా అక్కరకు రావాలంటే రాత్రి పది దాటాక కూడా బస్సులు తిరగాలి, షిఫ్టు దిగి వచ్చే మనిషికి హాస్టల్ గేటు తెరిచే ఉండాలి. ఇవి కంపెనీలు చేసే పనులు కావు. ఆర్టీసీ, నగరపాలక సంస్థ, పోలీసు ఒక దగ్గర కూర్చుని చేయాలి, వాళ్ళను కూర్చోబెట్టగలిగింది మంత్రివర్గంలో ఉన్నవాళ్ళే.

పెళ్ళయిన జంటల మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ముప్పై దాటినవాళ్ళు ఊరు మారేది ఎక్కువగా దీనివల్లే. ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరి చదువులూ వేరు. హైదరాబాద్‌లో భర్త హైటెక్ సిటీలో, భార్య బొల్లారం మందుల కంపెనీలో చేస్తుంటే మియాపూర్‌లో ఇల్లు తీసుకుంటారు, ఇద్దరికీ అందుబాటు. విశాఖకు ఈ విషయంలో మిగతా చిన్న నగరాలకు లేని బలం ఉంది. ఓడరేవు, నౌకాదళం, ఉక్కు, రిఫైనరీ, మందుల కంపెనీలు, మెడ్‌టెక్ జోన్, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రులు. ఏ చదువు చదివిన మనిషికైనా ఇక్కడ ఏదో ఒక పని దొరికే అవకాశం ఉంది. చిక్కల్లా దూరంతో. ఐటీ అంతా ఉత్తరాన రుషికొండ, మధురవాడ. ఫ్యాక్టరీలన్నీ దక్షిణాన గాజువాక, పరవాడ, అచ్యుతాపురం. రుషికొండ నుంచి పరవాడకు సుమారు 40 కిలోమీటర్లు, మధ్యలో ఊరంతా దాటాలి. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఇల్లు తీసుకుని చెరో దిక్కుకు పరుగెత్తే జంటలను నేనెరుగుదును. వాళ్ళలో ఒకరు ఉద్యోగం మానేస్తారు, అది దాదాపు ఎప్పుడూ భార్యే. లేదా ఇద్దరూ కలిసి హైదరాబాద్ వెళ్ళిపోతారు. 2014 విభజన చట్టంలోనే విశాఖ మెట్రో ప్రస్తావన ఉంది. పదేళ్ళు దాటినా రైలు రాలేదు. అది వచ్చేదాకా ఆగకుండా ఈ రెండు కొసలనూ కలిపే బస్సులను పొద్దున, సాయంత్రం, రాత్రి నేరుగా నడపడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉన్నా చెబుతాను. చిన్న నగరం కాబట్టి ఖర్చులు తక్కువ, అందుకని జీతమూ తక్కువ అనే సంస్థలున్నాయి. అద్దెలో మిగిలేదాని కన్నా జీతంలో పోయేది ఎక్కువైతే పిల్లలు లెక్క వేసుకోలేరా? ప్రజల భూమి దాదాపు ఉచితంగా తీసుకున్న కంపెనీ, అదే పనికి హైదరాబాద్‌లో ఇచ్చే జీతమే ఇక్కడా ఇవ్వాలని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. అడగండి.

గూగుల్ డేటా సెంటర్ విషయంలోనూ మా పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పండి. కట్టేటప్పుడు వేల మందికి పని ఉంటుంది. కట్టాక నడపడానికి కావలసినవాళ్ళు కొద్దిమందే. దాని వెంట ఇతర కంపెనీలు వస్తే మేలు. రెండో ఉద్యోగం ఇచ్చేది అవే. అందుకే వంద మంది, యాభై మంది కూర్చునే చిన్న సంస్థలను వెతికి తేవడం మీద కూడా ఇంతే శ్రద్ధ పెట్టమని నా మనవి. మా కుర్రాళ్ళు వెనక్కి రావాలంటే ఒక పెద్ద కంపెనీ పేరు చాలదు, పక్కన ఇంకో పది పేర్లు కనిపించాలి.

వాళ్ళకు రావాలని లేక కాదు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని అన్నప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల్లో మేడల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్న పిల్లలను చూశాం. నెట్ సరిగా రాక తోటల్లోకి వెళ్ళి కాల్స్ మాట్లాడారు. తల్లి వండిన అన్నం తింటూ అదే జీతం తీసుకున్నారు. ఆఫీసులు తెరిచి రమ్మన్నప్పుడు ఏడుస్తూ వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళను వెనక్కి పిలవడానికి ప్రకటనలతో పని లేదు.

నేను అడుగుతున్నవి మీ అధికారంలో ఉన్నవే. భూమి కేటాయించే ప్రతి జీవోలో, ఎన్ని ఉద్యోగాలు ఇస్తారో రాయించుకుంటున్నట్టే, ఎన్ని మంచాలు కట్టిస్తారో కూడా రాయించండి. ఆఫీసు గేటు నుంచి నడిచి వెళ్ళే దూరంలో లేదా నేరుగా బస్సుండే చోట. కట్టలేమంటే ఆ మేరకు డబ్బు తీసుకుని ప్రభుత్వమే కట్టించాలి. నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ లేఅవుట్లు వేసి ప్లాట్లు అమ్మడంతో పాటు అద్దెకిచ్చే ఇళ్ళు కూడా కట్టాలి. ప్రైవేటు హాస్టళ్ళను నగరపాలక సంస్థ నమోదు చేసి, అగ్నిమాపక తనిఖీ చేసి, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు రాత్రి గేటు తెరవడం తప్పనిసరి చేయాలి. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి నెలకు 20,000 రూపాయల లోపు, కనీసం 90 రోజులు ఉండే హాస్టల్ వసతికి పన్ను మినహాయించింది కాబట్టి నమోదుకు నిర్వాహకులు భయపడాల్సిన పని లేదు.

ఇంటి యజమానుల సంగతికొస్తే, వాళ్ళను తిట్టి లాభం లేదు. వాళ్ళ భయం తీర్చాలి. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది, తగాదాలు త్వరగా తేల్చే ఏర్పాటూ ఉంది. ఆ ఏర్పాటు విశాఖలో మామూలు మనిషికి అందేలా ఒక కార్యాలయం తెరిపించండి. అద్దె ఒప్పందం అక్కడ నమోదైతే, ఖాళీ చేయించడానికి ఏళ్ళు పట్టదని ఇంటావిడకు నమ్మకం కుదిరితే, ఆవిడ అడిగే ప్రశ్నలు తగ్గుతాయి. ఒంటరి ఆడపిల్లలకు, వేరే ఊరివాళ్ళకు, ఏ మతం ఏ కులం అనకుండా అద్దెకిచ్చే యజమానులకు ఇంటి పన్నులో కొంత తగ్గించండి. కార్పొరేషన్‌కు పోయేది కొద్దిగానే. పేరు విని గది లేదనడం నేరమని చెప్పే నిబంధన కూడా కావాలి. దాన్ని అమలు చేయడం కష్టమని తెలుసు, అయినా కాగితం మీద ఉండాలి.

మా కళాశాలలో ఆఫర్ లెటర్లు వచ్చే కాలం ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా. ఆ నెలల్లో ఒక మధ్యాహ్నం, సభా వేదికా ఏమీ లేకుండా, ఈ ప్రాంతంలో ఏదో ఒక కళాశాలకు వచ్చి ఆఖరి సంవత్సరం పిల్లలతో కూర్చోండి. వాళ్ళతో పాటు, ఇక్కడ రెండేళ్ళు చేసి వెళ్ళిపోయినవాళ్ళను కూడా పిలిపించండి, ఎందుకు వెళ్ళారో చెప్పమనండి. ఆ తర్వాత సంతకం పెట్టే భూమి కేటాయింపు జీవోలో మంచాల సంఖ్య కూడా ఉండేలా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ప్లేస్‌మెంట్ అధికారి